ఆకు తిప్పి చూసినవా? తీగ పంటల తెగుళ్లపై అపోహలు - వాస్తవాలు

వరంగల్ చుట్టుపక్కల గుమ్మడి, పుచ్చ, ఖర్బూజ, దోస వేసే రైతుల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి: "సారూ, ఆకు తెల్లగైంది, ఏం మందు కొట్టాలె?" నేను అడిగేదీ ఒక్కటే: "ఆకు తిప్పి చూసినవా?" అవతల కాసేపు మాట ఉండదు. మందు డబ్బా అప్పటికే ఇంటికి వచ్చి ఉంటుంది. పదిహేనేళ్లుగా ఈ పంటల్లో తిరుగుతూ ఎక్కువగా విన్న అపోహలు ఇవి. ఇందులో ఒకటి రెండు నేనూ నమ్మి దెబ్బతిన్నవే.

అపోహ: ఆకు మీద తెల్ల మచ్చ కనిపిస్తే అది బూడిద తెగులే.

వాస్తవం: గుమ్మడి, జుకినీ (దోసకాయలా పొడుగ్గా కాసే గుమ్మడి జాతి) పంటల్లో కొన్ని రకాలకు ఈనెలు చీలే చోట వెండి రంగు మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. అది ఆ రకం గుణం, రోగం కాదు. నర్సంపేట వైపు ఒక రైతు ఇలాంటి గుమ్మడికి రెండుసార్లు మందు కొట్టించి, "ఎంత కొట్టినా తగ్గుతలేదు" అని పిలిచాడు. వెళ్లి బొటనవేలితో ఆకు రుద్దాను. వేలికి ఏమీ అంటలేదు, మచ్చ అట్లాగే ఉంది. బూడిద తెగులైతే విభూతిలా వేలికి అంటుకుంటుంది. పుట్టు మచ్చలు అన్ని ఆకుల్లోనూ ఈనెల వెంట ఒకే తీరుగా ఉంటాయి. తెగులు మచ్చలు గుండ్రంగా, ఎక్కడ పడితే అక్కడ లేస్తాయి. "అయితే నా పైసలు?" అన్నాడు ఆయన. నా దగ్గర జవాబు లేదు.

(బూడిద గుమ్మడికాయ మీది తెల్లటి పొడిని చూసి భయపడి ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు. అది కాయ తనకు తాను పూసుకునే మైనం. కాయ ముదిరిందని దాన్ని బట్టే తెలుస్తుంది.)

అపోహ: బూడిద తెగులు, బూజు తెగులు రెండూ ఒకటే. ఒకే మందు సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ ఆ రెంటికీ చుట్టరికం లేదు. బూడిద తెగులు అసలైన శిలీంధ్రం. బూజు తెగులు తెచ్చేది నీటి నాచులకు దగ్గరి జాతి జీవి. అందుకే హెక్సాకొనజోల్ అనే మందు బూడిదను ఆపుతుంది, బూజును ముట్టదు. మెటలాక్సిల్ అనే మందు బూజు మీద పని చేస్తుంది, బూడిదను పట్టించుకోదు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. బూజు తెగులులో ఆకు పైన ఈనెల మధ్య పలకలు పలకలుగా పసుపు మచ్చలు వస్తాయి, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. అదే ఆకును మంచు ఆరకముందు, పొద్దున ఆరు ఏడు గంటలకు తిప్పి చూస్తే అడుగున బూడిద, ఊదా కలిసిన రంగులో సన్నటి నూగు కనిపిస్తుంది. పదకొండింటికి పోతే ఎండకు అది ఆరిపోయి మచ్చ ఒక్కటే మిగులుతుంది. బూడిద తెగులు మాత్రం ఎక్కువగా ఆకు పై భాగాన, గుబురులో నీడకు ఉన్న ముదురు ఆకుల మీద మొదలవుతుంది.

కాలం కూడా వేరు. బూజు రావాలంటే ఆకు మీద నీళ్లు కొన్ని గంటలు నిలవాలి. అందుకే వానకాలంలో, డిసెంబరు, జనవరి పొగమంచులో విజృంభిస్తుంది. సాయంత్రం పూట స్ప్రింక్లర్ పెడితే మనమే దాన్ని పిలిచినట్టు. బూడిదకు ఆకు తడవాల్సిన పని లేదు, పగలు పొడిగా ఉండి రాత్రి గాలిలో కాస్త తేమ ఉంటే చాలు. "వానలే లేవు, తెగులు ఎట్లొచ్చె?" అంటారు. వానలు లేవు కాబట్టే వచ్చింది.

బూజు సోకే కాలంలో ముందు జాగ్రత్తగా మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు కొట్టవచ్చు. మచ్చలు కనిపిస్తే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు. అదే మందు వరసగా కొడితే తెగులు దానికి అలవాటు పడుతుంది, మార్చి కొట్టాలి.

అపోహ: బూడిదకు గంధకం చవక, మంచిది, ఏ పంటకైనా కొట్టవచ్చు.

వాస్తవం: మిరపకు, మామిడికి మాట వేరు. తీగ జాతి కూరగాయలు గంధకానికి తట్టుకోవు. నేను కొత్తలో ఒక మందుల షాపులో ఇచ్చిన సలహా విని, మార్చి నెల ఎండలో ఖర్బూజకు నీటిలో కరిగే గంధకం కొట్టాను. రెండో రోజుకు ఆకుల అంచులు కాగితం కాలినట్టు ముడుచుకున్నాయి. ఆకు మాడితే కాయకు నీడ పోతుంది, ఎండ దెబ్బకు కాయ పైన తెల్లగా ఉడికిపోతుంది. ఆ ఏడాది మార్కెట్‌కు తీసుకుపోయిన కాయల్లో మంచివి ఏరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

అపోహ: డోసు డబుల్ చేస్తే తొందరగా తగ్గుతుంది.

వాస్తవం: హెక్సాకొనజోల్ లాంటి మందులు డోసు మించితే తీగ ఎదుగుదలనే కట్టేస్తాయి. కణుపులు దగ్గరపడి, ఆకు చిక్కటి పచ్చగా, గిడసబారినట్టు అవుతుంది. దాన్ని చూసి మళ్లీ వైరస్ అనుకుని ఇంకో మందు తెస్తారు.

అపోహ: తీగ వాడుతోందంటే నీళ్లు చాలనట్టే.

వాస్తవం: ఏప్రిల్ మధ్యాహ్నం చేనంతా తలలు వాల్చి సాయంత్రానికి లేస్తే అది ఎండ, అంతే. చుట్టూ తీగలు బాగుండి ఒక్కటి వాలిపోయి, మర్నాడు పొద్దున కూడా లేవకపోతే అనుమానించాలి. మొదలు దగ్గర కాండాన్ని బ్లేడుతో నిలువుగా చీల్చండి. లోపల గోధుమ రంగు చారలుంటే అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు. నీళ్లు పెంచి లాభం లేదు, ఆకు మీద ఏం కొట్టినా లాభం లేదు, ఎందుకంటే అది భూమిలో ఉంది, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పుచ్చ మీద పుచ్చ వేయకుండా పంట మార్చాలి. విత్తే ముందు 90 కిలోల మాగిన పెండ ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం) కలిపి, నీడలో తడి గోనె కప్పి వారం పది రోజులు ఉంచి సాళ్లలో వేసుకోవాలి.

అపోహ: వైరస్‌కు మంచి మందు వచ్చిందట.

వాస్తవం: రాలేదు. మొజాయిక్ వైరస్ సోకి ఆకు ముడతపడి, కాయ బుడిపెలు తేలితే ఆ తీగను పీకి పూడ్చడమే. దాన్ని మోసేది ఎక్కువగా పేనుబంక. అది ఒక ఆకును గుచ్చి పక్క ఆకు మీదికి పోయే కొద్ది క్షణాల్లోనే వైరస్ అంటిస్తుంది. మన పురుగు మందు దాన్ని చంపేలోపే పని అయిపోతుంది. అంతకంటే చేను చుట్టూ ముందే రెండు మూడు వరసలు మొక్కజొన్న వేస్తే మేలు. బయటి నుంచి వచ్చే పేనుబంక ముందు దాని మీద వాలి గుచ్చుతుంది, మూతికున్న వైరస్ అక్కడే వదిలిపోతుంది. మన దగ్గర మక్కలకు కరువా!

అపోహ: కాయ కుళ్లింది కాబట్టి తెగులు మందు కొట్టాలి.

వాస్తవం: ముందు కాయ కోసి చూడండి. తెల్ల పురుగులు మెలికలు తిరుగుతుంటే అది పండు ఈగ. దీనికి ఎర బుట్టలు పెడతారు గానీ, చాలామంది మామిడి తోటలో మిగిలిన మిథైల్ యూజినాల్ బుట్టలు తెచ్చి కట్టేస్తారు. ఆ ఎరకు తీగ పంటల ఈగ రాదు. దీనికి క్యూ లూర్ అనే ఎర కావాలి. కుళ్లిన కాయలు గట్టు మీద పడేస్తే ఈగ సంతతిని పెంచినట్టే, లోతుగా పూడ్చాలి.

అపోహ: పాలు, మజ్జిగ కొట్టడం ఉత్త చాదస్తం.

వాస్తవం: పూర్తిగా కాదు. బ్రెజిల్‌లో గ్రీన్‌హౌస్ జుకినీ మీద పలచటి ఆవు పాలు కొట్టి చూస్తే బూడిద తెగులు బాగానే అణిగిందని 1999లో ప్రచురించారు. పెరటి తీగకు సరే, రెండెకరాల చేనుకు పాలు ఎక్కడ తెస్తాం?

అపోహ: బతుకమ్మకు గుమ్మడి పూలు తెంపితే కాయలు పడవు. పూత రాలితే తెగులే.

వాస్తవం: పొడుగు సన్న కాడ మీద ఉండేది మగ పువ్వు, ఒక్కపూట విచ్చుకుని రాలడం దాని తీరు. పువ్వు కింద చిన్న బుడ్డ ఉంటే ఆడది. ఆ బుడ్డ పసుపై రాలిందంటే చాలావరకు తేనెటీగ రాలేదని అర్థం, పొద్దున పూట పురుగు మందు కొట్టారేమో ఆలోచించుకోండి. మగ పూలు ఎక్కువే వస్తాయి. తేనెటీగలు తిరిగి పోయాక, ఎండెక్కాక తెంపుకోండి, గౌరమ్మకు సరిపోతాయి. బుడ్డ ఉన్న పువ్వు జోలికి మాత్రం పిల్లల్ని పోనివ్వకండి.