జాగ్వార్ దారి తప్పింది 2001లోనే

టాటా చేతిలో ఉన్న బ్రిటన్ లగ్జరీ కార్ల బ్రాండ్ జాగ్వార్ పేరు మళ్లీ నలుగురి నోళ్లలో నానుతోంది. చిత్తూరులో అయితే ఇంకాస్త ఎక్కువ. తమిళనాడు సరిహద్దు దాటి రాణిపేట వైపు పోతే పనపాక్కం వస్తుంది. టాటా మోటార్స్ 9 వేల కోట్ల రూపాయల కార్ల కర్మాగారానికి 2024 సెప్టెంబరు 28న శంకుస్థాపన జరిగింది అక్కడే. దాన్ని ‘జాగ్వార్ ఫ్యాక్టరీ’ అనేస్తున్న మనవాళ్లకు ఇప్పుడొచ్చిన అనుమానం ఒకటే: ఆ బ్రాండే మునుగుతుంటే మన ఐటీఐ పిల్లలకు ఉద్యోగాలు ఎక్కడివి?

మునిగిందనడానికి చూపే లెక్క 49. 2025 ఏప్రిల్‌లో యూరప్ మొత్తంలో రిజిస్టరైన జాగ్వార్లు అన్నే. అంతకు ముందు ఏడాది అదే నెలలో 1,961. 2024 నవంబరులో కారే కనిపించకుండా, రంగురంగుల బట్టలేసుకున్న మోడళ్లతో ఇచ్చిన ప్రకటన కొంప ముంచిందని ప్రచారం. కానీ అప్పటికి అమ్మడానికి పెద్దగా బండ్లే లేవు. ఎక్స్‌ఈ, ఎక్స్‌ఎఫ్, ఎఫ్-టైప్ మోడళ్ల తయారీ 2024లోనే ఆగింది. బ్రిటన్‌లో కొత్త కార్ల అమ్మకాలను కంపెనీయే నిలిపేసింది. కొట్టు మూసి గల్లాపెట్టె ఖాళీగా ఉందంటే ఎట్లా?

వ్యవస్థాపకుడు విలియం లయన్స్, పేరుమోసిన స్పోర్ట్స్ కారు ఈ-టైప్, ఆ వైభవమంతా తెలిసిందే, వదిలేద్దాం. అసలు మలుపు 2001లో వచ్చిన ఎక్స్-టైప్. అప్పటి యజమాని ఫోర్డ్‌కు బీఎండబ్ల్యూ వాళ్ల చిన్న లగ్జరీ కారు 3 సిరీస్ మీద కన్ను పడింది. ఏడాదికి లక్ష బండ్లు అమ్మాలన్నది లక్ష్యం. ఫోర్డ్ మామూలు కుటుంబ కారు మోండియో పునాది మీదే బండి కట్టారు, ఫోర్డ్ ఎస్కార్ట్‌లు చేసిన హేల్‌వుడ్ కర్మాగారంలోనే తయారు చేశారు. పైన తోలు, చెక్క, కింద మోండియో. మొదట నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చి పరువు నిలబెట్టినా, మరుసటి ఏడాదే ముందు చక్రాలతో నడిచే చౌక రకం తెచ్చారు. జాగ్వార్ చరిత్రలో అదే మొదటిసారి. 2009లో ఆపేనాటికి తయారైనవి మొత్తం మూడున్నర లక్షలు. లక్ష్యంలో సగమూ కాదు.

పెర్ఫార్మెన్స్ లగ్జరీలో, అంటే వేగంగా దూసుకుపోయే ఖరీదైన కార్లలో, డబ్బు నడిచే తీరు తెలిస్తే ఈ దెబ్బ ఎంతటిదో అర్థమవుతుంది. బీఎండబ్ల్యూ ఎం, మెర్సిడెస్ ఏఎంజీ బండ్ల వెనక మామూలు 320డీలు, సీ-క్లాసులు లక్షల్లో అమ్ముడవుతాయి. ఇంజిన్, గేర్‌బాక్స్ ఖర్చు వాటి మీద పరుచుకుంటుంది. జాగ్వార్ దగ్గర 510 హార్స్‌పవర్ ఎక్స్‌ఎఫ్ఆర్ ఉండేది, దాని కింద లక్షల్లో అమ్ముడయ్యే మామూలు బండ్లు లేవు. ఎంతో బాగా అమ్మిన 2018లోనూ లక్షా ఎనభై వేలే. బీఎండబ్ల్యూ అదే ఏడాది 21 లక్షలు దాటింది.

టాటా 2008లో జాగ్వార్‌ను ల్యాండ్ రోవర్‌తో కలిపి 230 కోట్ల డాలర్లకు కొన్నది. ఫోర్డ్ ఒక్క జాగ్వార్‌కే 250 కోట్ల డాలర్లు పోసి ఉంది. ఎక్స్‌ఎఫ్ మంచి బండి, కాదనలేం. స్టార్ట్ నొక్కితే గేర్ నాబ్ పైకి లేచేది, ఏసీ వెంట్లు తిరిగి తెరుచుకునేవి. తిరుపతిలో సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లు ఆ ముచ్చట చూసే పడిపోయి, సర్వీసుకు చెన్నైకో బెంగళూరుకో పోవాల్సి వచ్చినప్పుడు లెక్క వేసుకునేవాళ్లు. చిత్రమేమంటే 2015లో ఎక్స్‌ఈతో టాటా కూడా మళ్లీ 3 సిరీస్ వెంటే పడింది. ఈసారి సొంత అల్యూమినియం పునాది, సొంత డీజిల్ ఇంజిన్లు. ఫలితం మాత్రం పాతదే.

అందుకే 2021 ఫిబ్రవరిలో జాగ్వార్ ల్యాండ్ రోవర్ (జేఎల్ఆర్) అప్పటి సీఈఓ తియెరీ బొలోరే సంఖ్య ఆశే వదిలేశాడు. దాదాపు సిద్ధమైన పెద్ద ఎలక్ట్రిక్ సెడాన్ ఎక్స్‌జేని పక్కన పెట్టించి, ఇకపై తక్కువ బండ్లు, ఎక్కువ ధర, అన్నీ ఎలక్ట్రిక్కే అన్నాడు. కొత్త కారు ధర లక్ష పౌండ్ల పైమాట, మన లెక్కలో కోటి దాటుతుంది. ఎఫ్-పేస్ ఎస్‌యూవీ అమ్ముడవుతుండగానే, దాని స్థానంలో మరొకటి రాకుండానే ఆపడం తప్పన్నది విమర్శకుల వాదన. అందులో కొంత నిజముంది, డీలర్ల బాధా నిజమే. అయినా జాగ్వార్ అంగట్లోంచి తప్పుకుంటున్న 2024-25లోనే జేఎల్ఆర్ పన్నుకు ముందు 250 కోట్ల పౌండ్ల లాభం చూపింది. ఇల్లు నడిపేది ల్యాండ్ రోవర్ బండ్లయిన రేంజ్ రోవర్, డిఫెండర్.

ఇక మనవాళ్ల అనుమానం. ఆ కొత్త ఎలక్ట్రిక్ జాగ్వార్‌ను కట్టేది ఇంగ్లండ్‌లోని సోలిహల్‌లో. జేఎల్ఆర్‌ను నడిపేది రేంజ్ రోవర్ కాబట్టి, పనపాక్కం ఉద్యోగాల గురించి అడగాలంటే రేంజ్ రోవర్ అమ్మకాల గురించి అడగాలి.