కొండల వరుస పట్టించిన నేరం

2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో యుద్ధం వీడియోలే వీడియోలు. గోరంట్ల మండలం కల్లితండా జవాను సరిహద్దులో అమరుడైన వార్త నిజం. అదే సమయంలో దేశమంతా తిరిగిన 'పాక్ క్షిపణి దాడి' వీడియో మాత్రం 2020 నాటి బీరూట్ పేలుడుదని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం తేల్చింది.

అందరికీ అందుబాటులో ఉన్న ఆధారాలతో నిజం తేల్చే ఈ పనిని ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్ అంటున్నారు. పని పాతదే. 1939లోనే బీబీసీ విదేశీ రేడియో ప్రసారాలు వినడానికి ఒక విభాగం పెట్టింది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఇది మామూలు జనం చేతికీ వచ్చింది. 2014 జులై 17న ఉక్రెయిన్‌లో మలేసియా ప్రయాణికుల విమానం ఎంహెచ్17ను క్షిపణితో కూల్చేస్తే 298 మంది చనిపోయారు. ఇలాంటి పరిశోధనల కోసం అప్పుడే మొదలైన బెల్లింగ్‌క్యాట్ బృందం, దారిన పోయేవాళ్లు తీసిన ఫొటోలు, వీడియోలు ఏరి, ఆ క్షిపణి వాహనం రష్యాలోని కుర్స్క్ సైనిక బ్రిగేడ్‌దని చెప్పింది. 2018లో అంతర్జాతీయ దర్యాప్తు బృందం కూడా అదే తేల్చింది.

నా లెక్కలో అసలు పనితనం కామెరూన్ కేసులో కనిపిస్తుంది. ఇద్దరు మహిళలను, ఇద్దరు పిల్లలను సైనికులు కాల్చి చంపిన వీడియో 2018 జులైలో బయటపడింది. ప్రభుత్వం ఫేక్ అని కొట్టిపారేసింది. బీబీసీ ఆఫ్రికా ఐ బృందం వీడియోలో వెనక కనిపించే కొండల వరుసను పట్టుకుంది. పెనుకొండ కొండ ఫొటో చూపిస్తే ఆ పక్క వాళ్లు ఏ వైపు నుంచి తీశారో చెప్పేస్తారు కదా, ఇదీ అంతే. గూగుల్ ఎర్త్‌తో పోల్చితే జెలెవెట్ అనే ఊరి దగ్గర సరిపోయింది. పాత శాటిలైట్ చిత్రాల్లో అక్కడి గోడలు ఎప్పుడు లేచాయో, ఎప్పుడు కూలాయో చూశారు. మనుషుల నీడలను బట్టి సూర్యుడి ఎత్తు లెక్కగట్టారు. అలా 2015 మార్చి 20, ఏప్రిల్ 5 మధ్య జరిగిందని తేలింది. 2020లో నలుగురు సైనికులకు పదేళ్ల చొప్పున జైలుశిక్ష పడింది. నలుగురిని చంపినందుకు అది చాలా తక్కువ.

ఇలాంటి ఆధారాలు నిలవాలంటే అసలు వీడియో చెరిగిపోకూడదు. 2017లో యూట్యూబ్ సిరియా యుద్ధ వీడియోలను పెద్దఎత్తున తీసేసింది. కాపీలు దాచిపెట్టిన సిరియన్ ఆర్కైవ్ లాంటి సంస్థల విలువ అప్పుడు తెలిసొచ్చింది. సేకరణ ఎలా చేయాలో, ఎలా భద్రపరచాలో చెప్పే బర్కిలీ ప్రోటోకాల్‌ను ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2020లో తెచ్చింది.

అయినా ఆధారం ఉంటే చాలదు. లిబియా సైనిక కమాండర్ అల్ వెర్ఫల్లీ మీద హత్యల కేసులో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2017లో వారెంటు ఇచ్చింది, అదీ ఎక్కువగా సోషల్ మీడియా వీడియోల ఆధారంగానే. అతన్ని ఎవరూ కోర్టుకు అప్పగించలేదు. 2021లో బెంగాజీలో ఎవరో కాల్చి చంపారు. విచారణ మొదలే కాలేదు.