మామ్మకి ముందే ఎలా తెలిసింది?

విశాఖపట్నం

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

"అత్త ఇవాళ ఫోన్ చేస్తుంది" అని మామ్మ అనడమేమిటి, కాసేపటికి నిజంగానే ఫోన్ మోగడమేమిటి అని అడిగారు కదా. ఫోన్లో చెప్తే తేలదని ఉత్తరం రాస్తున్నాను.

మామ్మ రాత్రిపూట పాలు తోడుపెట్టడం చూశారుగా. గోరువెచ్చటి పాలలో చెంచాడు మజ్జిగ వేసి మూత పెడుతుంది. తెల్లారేసరికి గడ్డపెరుగు. పాలు ఏ ఘడియలో పెరుగయ్యాయో ఎవరూ చూడరు. మన బుర్ర కూడా అంతే. పోయినసారి అత్త గొంతు నీరసంగా ఉంది, వాళ్ల పిల్లాడి పరీక్షలు అయిపోయాయి, పండగ దగ్గరపడింది. ఇవన్నీ లోపల పడి మామ్మకి తెలియకుండానే తోడుకుంటాయి. చలికాలంలో పెరుగు ఆలస్యమవుతుంది. గిన్నె కదిపితే సరిగ్గా తోడుకోదు. టెన్షన్ పడేవాళ్లకి మనసు మాట వినపడకపోవడం అందుకేనేమో.

మా చిన్నప్పుడు పెదజాలారిపేట ఒడ్డున ఒక ముసలి జాలరి ఉండేవాడు. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఒక్కోరోజు "ఇయాళ ఎల్లొద్దురా" అని వల మడిచేసేవాడు. మధ్యాహ్నానికి గాలి లేచేది. ఎలా తెలిసింది తాతా అంటే "గంగమ్మ సెప్పింది" అనేవాడు. అలల మోత, నీటి రంగు, గాలి వాసన ఏళ్ల తరబడి ఆయన ఒంట్లో ఇంకిపోయి ఉంటాయి. బడికి వెళ్లని వాళ్ల దగ్గరా అంత చదువు ఉంటుంది నాన్నా, వాళ్ల మాట శ్రద్ధగా వినాలి.

మరి తోడు వేయకుండానే పాలు తోడుకుంటాయా? కళ్లూ చెవులూ ఏమీ అందించకుండా మనసుకి కబురు అందుతుందా? ఈ సంగతి తేల్చాలని మన ఊళ్లోనే పూనుకున్నారు. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావుగారు మనస్తత్వశాస్త్రంతో పాటు, ఇలాంటి వింత కబుర్లని పరీక్షించి చూసే పరామనస్తత్వశాస్త్రానికీ చోటిచ్చి ఒక శాఖ పెట్టారు. ఆయన అంతకుముందు అమెరికాలో ఇదే విషయం మీద పరిశోధన చేసిన జె.బి. రైన్ దగ్గర పనిచేసినవారు. రైన్ 1930లలో అక్కడి డ్యూక్ విశ్వవిద్యాలయంలో, కార్డు మీద గీసిన గుర్తేమిటో చూడకుండా చెప్పమని పరీక్షలు చేశారు. కొందరు మామూలుకన్నా ఎక్కువ సరిగ్గా చెప్పారని ఆయన రాశారు. వేరేవాళ్లు చేస్తే అలా రాలేదు. మొదటి కార్డులు పలచన, వెనకనుంచే గుర్తు కనిపించేదని తప్పుపట్టారు కూడా. చాలామంది శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒప్పుకోరు. అయినా అలాంటి ప్రశ్నకి మన విశ్వవిద్యాలయం తలుపు తీసిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

మీరూ చేసి చూడండి. మందపాటి అట్టతో 25 ముక్కలు కత్తిరించండి. సున్నా, ప్లస్, అలలు, చదరం, నక్షత్రం ఒక్కొక్కటి ఐదేసి ముక్కలమీద గీయండి. బాగా కలిపి ఒకరు గదిలో కూర్చుని ఒక్కో ముక్కే తీసి చూడాలి, ఇంకొకరు వరండాలో కూర్చుని తనకి తోచిన గుర్తు రాసుకోవాలి. ఊరికే ఊహిస్తే సగటున ఐదు కలుస్తాయి. ఆట అయ్యేదాకా తప్పో ఒప్పో చెప్పొద్దు. తప్పులన్నీ రాసిపెట్టండి. అత్త గుర్తొచ్చి ఫోన్ రాని రోజులు మనకి గుర్తుండవు కదా, ఇక్కడ అలా జరగకూడదు. ఒక్క ఆటలో తొమ్మిది వచ్చాయని గంతులేయకుండా చాలా ఆటలు ఆడి, మొత్తం కలిపి నాకు రాయండి.

మీ తాతయ్య