ఆన్‌లైన్ ఆర్పీజీ (ఇంటర్నెట్‌లో చాలామంది కలిసి తలో పాత్రగా ఆడే గేమ్) మీకు నప్పుతుందా? వైజాగ్‌లో తరచూ వినిపించే అపోహలు, అసలు సంగతులు

అపోహ: గేమ్ నచ్చితే టైమ్ అదే దొరుకుతుంది.

టైమ్ దొరికితే సరిపోదు, వేళ కుదరాలి. మధ్య యూరప్ గిల్డ్ (కలిసి ఆడే జట్టు) వాళ్ల టైమ్ ప్రకారం రాత్రి 8కి రెయిడ్ (అందరూ కలిసి పెద్ద శత్రువును కొట్టే ఆట) పెట్టిందంటే చలికాలంలో మనకు 12:30, ఎండాకాలంలో 11:30. సింగపూర్ టైమ్ 8 అంటే ఇక్కడ సాయంత్రం 5:30. అప్పటికి మధురవాడ ఆఫీసులో లాగౌటే అయి ఉండదు. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు మారేవాళ్లయితే ప్రతి మంగళవారం వస్తామని మాట ఇవ్వనే లేరు. ఫైనల్ ఫాంటసీ 14 రెయిడ్‌కి ఎనిమిది మంది కావాలి: దెబ్బలు కాసే ట్యాంకులు ఇద్దరు, గాయాలు మాన్పే హీలర్లు ఇద్దరు, నలుగురు కొట్టేవాళ్లు. ఒక్కరు ఎగ్గొడితే ఏడుగురూ గోళ్లు గిల్లుకోవాల్సిందే. ఇలాంటి ఉద్యోగాల వాళ్లకు గిల్డ్ వార్స్ 2 నయం. 2012 నుంచీ గరిష్ఠ లెవెల్ 80 దగ్గరే ఆగింది, నెలవారీ చందా లేదు. మూడు నెలలు మానేసి వచ్చినా పాత అసెండెడ్ (మేలు రకం) సామాను పనికొస్తుంది.

అపోహ: పింగ్ 50 దాటితే దండగ.

పింగ్ అంటే మన నొక్కుడు సర్వర్‌కి చేరి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు. షూటింగ్ గేముల అలవాటుతో అనే మాట ఇది. ఫైనల్ ఫాంటసీ 14లో మామూలు దెబ్బకీ దెబ్బకీ మధ్య 2.5 సెకన్లు. ఆ సందులో రెండు అదనపు స్కిల్స్ దూర్చే జాబ్‌లకే (పాత్ర వృత్తులకే) ఇబ్బంది: రెండోది ఆలస్యమై తర్వాతి దెబ్బ వెనక్కి జరుగుతుంది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ సర్వర్ అయితే 0.6 సెకన్లకోసారి కదులుతుంది. రాత్రి 9 తర్వాత, ఇంటిల్లిపాదీ ఫోన్లలో ఉన్నప్పుడు, పింగ్ చూడండి. 180 దగ్గర నిలకడగా ఉంటే భయం లేదు. 60కీ 400కీ మధ్య గెంతుతుంటే ముందు వైఫై మానేసి లాన్ వైరు పెట్టండి.

అపోహ: ఫ్రీ ట్రయల్ ఆడితే తేలిపోతుంది.

సగమే తేలుతుంది. ఫైనల్ ఫాంటసీ 14 ట్రయల్‌లో లెవెల్ 70 దాకా ఎన్ని రోజులైనా ఆడొచ్చు గానీ, ఆటగాళ్లు సామాను కొని అమ్ముకునే మార్కెట్ బోర్డు వాడనివ్వరు. వ్యాపారం ఇష్టపడేవాళ్లకు అసలు రుచే తెలీదు. ఒకసారి కొన్నాక ఆ అకౌంట్ మళ్లీ ట్రయల్‌కు రాదు, తొందరపడకండి. గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొంటే రీఫండ్‌కి 14 రోజులు, 2 గంటల ఆట హద్దు. క్యారెక్టర్ ముక్కు దిద్దడానికే గంట పోతుంది!

అపోహ: ఒంటరిగా ఆడేవాళ్లకు పనికిరావు.

ఫైనల్ ఫాంటసీ 14 కథలో వచ్చే నలుగురి డంజన్లలో (శత్రువులుండే చిన్న మజిలీల్లో) కావాలంటే తోడుగా కంప్యూటర్ పాత్రలే వస్తాయి.

అపోహ: బార్టిల్ క్విజ్ చేస్తే మన టైపు తెలుస్తుంది.

ఆటగాళ్లు ఏ రకమో చెప్పే క్విజ్ ఇది. గేమ్ పరిశోధకుడు రిచర్డ్ బార్టిల్ 1996లో చెప్పిన నాలుగు రకాలు టెక్స్ట్ గేములు ఆడినవాళ్లవి. క్విజ్ ఆయన తయారుచేసిందీ కాదు. దానికన్నా, క్వెస్ట్ (గేమ్ అప్పగించే పని) ఏదీ లేని అరగంటలో మీ చెయ్యి ఎటు పోయిందో మూడు రోజులు రాసి చూడండి. మ్యాప్ మూలలు వెతికితే గిల్డ్ వార్స్ 2. ధరలు పోలుస్తూ కూర్చుంటే వ్యాపారం మీద నడిచే ఆల్బియాన్, ఈవ్ గేములు. కాకపోతే ఆల్బియాన్ బ్లాక్ జోన్‌లో (ఎవరైనా ఎవరినైనా చంపగల ప్రాంతంలో) చస్తే ఒంటి మీది సామాను పోయినట్టే. ఈవ్‌లో స్కిల్స్ మీరు లాగిన్ కాకపోయినా గడియారం ప్రకారం పెరుగుతాయి, చేత్తో లెవెల్ పెంచుకోవడంలోనే మజా ఉన్నవాళ్లకు అది చప్పగా ఉంటుంది.