మెంఫిస్ ప్లకార్డుల నుంచి బార్బర్ షాపుల దాకా: అమెరికాలో నల్లజాతి మగవాళ్ల గౌరవం

1968 ఫిబ్రవరి 1న అమెరికాలోని మెంఫిస్‌లో ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే పారిశుద్ధ్య కార్మికులు వానకు తడవకుండా చెత్త లారీ వెనక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నలిపే యంత్రం ఉన్నట్టుండి కదిలింది. ఇద్దరూ చనిపోయారు. లారీలు పాడయ్యాయని కార్మికులు అంతకుముందే మొత్తుకున్నా నగర అధికారులు వినలేదు. ఆ నెల 12న సుమారు 1,300 మంది నల్లజాతి కార్మికులు పని ఆపేశారు. తర్వాత వాళ్లు పట్టుకున్న ప్లకార్డుల మీద ఒకటే మాట: 'ఐ యామ్ ఎ మ్యాన్'.

తల నెరిసిన నల్లజాతి మనిషిని కూడా తెల్లవాళ్లు 'బాయ్' అని పిలిచే ఊళ్లవి. బానిసత్వంలో నల్లజాతి తండ్రికి సొంత బిడ్డ మీద కూడా హక్కు లేదు, యజమాని ఎప్పుడైనా అమ్మేయొచ్చు. 1865లో బానిసత్వం రద్దయ్యాక ఇంకో ముద్ర పడింది: నల్లవాడు తెల్ల స్త్రీలకు ప్రమాదమని. మూకహత్యలకు అదే సాకైంది. 1955లో మిసిసిప్పీలో తెల్ల స్త్రీతో తప్పుగా ప్రవర్తించాడన్న నెపంతో 14 ఏళ్ల నల్లజాతి కుర్రాడు ఎమ్మెట్ టిల్‌ను చంపిన వాళ్లను జ్యూరీ నిర్దోషులంది.

నల్లజాతి కుటుంబాల మీద అమెరికా కార్మిక శాఖ అధికారి మొయినిహన్ 1965లో రాసిన నివేదిక ఉపాధి లేమిని గుర్తించింది. కానీ తల్లులు నడిపే కుటుంబాలనే పెద్ద లోపంగా చూపింది. అది చేసిన చెరుపు ఎక్కువని నా అభిప్రాయం. ఇంట్లో మగవాడి పెత్తనం నిలబడితే గౌరవం తిరిగొస్తుందన్న ఆలోచనకు అది బలమిచ్చింది. ఆ ఆలోచన నల్లజాతి ఉద్యమాల్లోనూ ఉంది. దాన్ని ముందుగా నిలదీసింది నల్లజాతి స్త్రీలే. జాతివివక్ష మీద మా మగవాళ్లతో కలిసి పోరాడతాం, పురుషాధిక్యం మీద వాళ్లతోనే పోరాడతామని 1977లో బోస్టన్‌కు చెందిన నల్లజాతి స్త్రీవాదుల బృందం కొంబాహీ రివర్ కలెక్టివ్ ప్రకటించింది.

ఈలోగా నల్లజాతి మగవాళ్లతో జైళ్లు నిండాయి. 1986 మత్తుమందుల చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్‌కు (కొకైన్‌లోనే చవక రకం, ఆ కేసుల్లో ఎక్కువగా జైలుకెళ్లింది నల్లజాతివాళ్లే) పడే కనీస శిక్ష, పొడి కొకైన్ అయితే 500 గ్రాములకు పడేది. తండ్రులను లోపల పెట్టి, బాధ్యత లేని తండ్రులని నిందించడం అన్యాయం. పిల్లలతో ఉంటున్న నల్లజాతి తండ్రులు వాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం వంటి పనుల్లో మిగతా తండ్రులకు తీసిపోరని 2013లో అమెరికా ప్రభుత్వ సర్వే నివేదికే చూపించింది.

నల్లజాతి మగవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లరని అంటుంటారు. దాన్ని మొండితనం అనేముందు అలబామా రాష్ట్రంలోని టస్కీగీని గుర్తు చేసుకోవాలి. అక్కడ 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు వైద్యం అందకుండా చేసి, ప్రభుత్వ వైద్యులే జబ్బు ముదరడాన్ని గమనిస్తూ కూర్చున్నారు. అందుకే 2018లో వెలువడిన లాస్ ఏంజెలెస్ అధ్యయనంలో వైద్యమే నల్లజాతివాళ్ల బార్బర్ షాపుకు వెళ్లింది. ఫార్మసిస్టులు అక్కడే బీపీ చూసి మందులు రాశారు. ఆరు నెలల్లో పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది. సలహా మాత్రమే అందుకున్నవాళ్లకు తగ్గింది సుమారు 9.