కరెంటు ఎంత కావాలన్నది సగం ప్రశ్నే

2024 జులై 10 సాయంత్రం అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో 230 కిలోవోల్టుల లైను మీద పిడుగుల నుంచి కాపాడే పరికరం, లైట్నింగ్ అరెస్టర్, ఒకటి పాడైంది. గ్రిడ్‌కు ఇలాంటివి కొత్త కాదు. లోపం రాగానే లైను ట్రిప్ అవుతుంది, కాసేపట్లో దానంతటదే మళ్లీ చార్జ్ అవుతుంది. ఆ రోజు లోపం అలాగే ఉండిపోవడంతో లైను మళ్లీ మళ్లీ ట్రిప్ అయింది. 82 సెకన్లలో ఆరుసార్లు వోల్టేజి క్షణకాలం పడిపోయి లేచింది. ఆ కొద్దిసేపట్లోనే దాదాపు 1,500 మెగావాట్ల లోడు, అంటే వాడకం, గ్రిడ్ మీద నుంచి మాయమైంది.

ఆ లోడును గ్రిడ్ నిర్వాహకులు తీసేయలేదు. ఇంటర్నెట్, ఏఐ సేవలను నడిపే సర్వర్లుండే సుమారు 60 డేటా సెంటర్లు ఎవరికివారే బ్యాకప్‌కు మారిపోయాయి. కారణం వాటి యూపీఎస్‌లలో రాసిపెట్టిన ఒక నియమం: నిమిషంలో మూడుసార్లు వోల్టేజి తగ్గితే బయటి కరెంటును నమ్మొద్దు, సొంత జనరేటర్లకు మారిపో, మనిషి వచ్చి కలిపేదాకా తిరిగి రావొద్దు. లోపలున్న సర్వర్లను కాపాడుకోవాలనుకునే ఇంజనీరు అలా రాయడంలో తప్పేమీ లేదు. కానీ పక్కపక్కనే ఉన్న డేటా సెంటర్లన్నీ అదే నియమం పెట్టుకుంటే ఏమవుతుందన్నది ఎవరి లెక్కలోనూ లేదు.

లోడు తగ్గితే గ్రిడ్‌కు హాయే కదా అనిపించవచ్చు. కాదు. ప్రతి క్షణం ఉత్పత్తి, వాడకం సరిసమానంగా ఉండాలి. వాడేవాళ్లు ఉన్నట్టుండి తప్పుకుంటే ఫ్రీక్వెన్సీ, వోల్టేజి రెండూ పైకెగస్తాయి. అది హద్దు దాటితే ప్రమాదాన్ని పసిగట్టి కనెక్షన్ తెంపించే రక్షణ రిలేలు పనిచేసి జనరేటర్లు కూడా ఒకదాని తర్వాత ఒకటి విడిపోవచ్చు. ఆ సాయంత్రం ఫ్రీక్వెన్సీ అక్కడ మామూలుగా ఉండాల్సిన 60 హెర్ట్జ్ నుంచి 60.047 దాకా వెళ్లి ఆగింది. ఆపరేటర్లు వోల్టేజిని పెంచి ఉంచే కెపాసిటర్ బ్యాంకులను తప్పించి వోల్టేజిని దించారు. గండం గడిచింది.

ఏఐ గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా యూనిట్ల లెక్క దగ్గరే ఆగిపోతాం. ఆ లెక్క చిన్నదేమీ కాదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిసి 415 టెరావాట్ అవర్లు, అంటే 41,500 కోట్ల యూనిట్లు వాడాయి. 2030 నాటికి ఇది 945కు చేరుతుందట. అప్పటికీ ప్రపంచ విద్యుత్తులో అది 3 శాతం లోపే. చిక్కంతా ఆ లోడు ప్రపంచమంతా సమంగా పరచుకుని ఉండకపోవడంలో ఉంది. ఐర్లండ్‌లో 2024లో మీటరుకెక్కిన కరెంటులో 22 శాతం డేటా సెంటర్లదే. పైగా డేటా సెంటర్ రెండు మూడేళ్లలో లేచి నిలబడుతుంది. సంపన్న దేశాల్లో కొత్త ట్రాన్స్‌మిషన్ లైను వేయడానికి నాలుగు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది.

ఏఐ మోడల్‌కు శిక్షణ ఇచ్చే కేంద్రాల తీరు మరీ వేరు. ఒక్కొక్కటి 700 వాట్ల దాకా లాగే చిప్‌లు వేల సంఖ్యలో ఒకే పని మీద, ఒకే తాళానికి అడుగులేసే కోలాట బృందంలా కదులుతాయి. అన్నీ కలిసి లెక్క చేస్తాయి. తర్వాత ఫలితాలు ఇచ్చిపుచ్చుకోవడానికి అన్నీ కలిసి ఆగుతాయి. ఆ ఆగడం, సాగడంతో డేటా సెంటర్ మొత్తం వాడకం క్షణాల్లో పదుల మెగావాట్లు అటూ ఇటూ ఊగుతుందని లామా 3 అనే ఏఐ మోడల్‌ను తయారుచేసిన మెటా (ఫేస్‌బుక్ మాతృసంస్థ) ఇంజనీర్లే రాశారు. ఊరంతటి లోడు ఇంత జోరుగా ఊగదు, ఎందుకంటే అందరూ ఒకే క్షణంలో స్విచ్ వేయరు. ఈ ఊపును తగ్గించడానికి చిప్‌ల చేత ఉత్తుత్తి లెక్కలు చేయించే పద్ధతి ఒకటుంది. అది కరెంటును కావాలని తగలేయడమే. దానికి బదులు డేటా సెంటర్ గేటు లోపలే బ్యాటరీలు పెట్టించడం న్యాయం.

గ్రిడ్ నడపడంలో ఏఐ సాయం లేకపోలేదు. గాలిమరల నుంచి ఎంత కరెంటు వస్తుందో 36 గంటల ముందే అంచనా వేయడానికి గూగుల్‌కు చెందిన ఏఐ సంస్థ డీప్‌మైండ్ 700 మెగావాట్ల పవన విద్యుత్తు మీద దాన్ని వాడి చూసింది. మంచిదే. అయినా ఏఐ గ్రిడ్‌కు చేయగల అతిపెద్ద ఉపకారం కాసేపు ఆగడమేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. మనం అడిగిన ప్రశ్నకు జవాబు వాయిదా వేయలేరు. శిక్షణను మాత్రం ఎక్కడిదక్కడ భద్రపరచి, డిమాండ్ తగ్గాక కొనసాగించవచ్చు. కొత్త పెద్ద లోడులు ఏడాది మొత్తంలో తమ గరిష్ఠ వాడకంలో 0.25 శాతం మాత్రం వదులుకుంటే, అమెరికాలోని ఇప్పటి గ్రిడ్లే మరో 76,000 మెగావాట్లను మోయగలవని 2025లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు.

ఇలా ఆగడాన్ని కంపెనీల మంచి మనసుకు వదిలేయకుండా నిబంధన చేయాలి. ఒకప్పుడు గాలిమరలు కూడా వోల్టేజి కాస్త పడగానే విడిపోయేవి. వాటి సంఖ్య పెరిగాక, ఆ కుదుపును తట్టుకుని గ్రిడ్‌తోనే ఉండాలని అమెరికా నియంత్రణ సంస్థ 2005లో నియమం పెట్టింది. తయారీదారులు యంత్రాలను అందుకు తగ్గట్టు మార్చుకున్నారు. డేటా సెంటర్లకూ అదే వర్తించాలి. టెక్సాస్ రాష్ట్రం 2025లో చట్టం చేసి, కొత్తగా కనెక్షన్ తీసుకునే 75 మెగావాట్లు, అంతకు మించిన లోడులు అత్యవసర వేళల్లో వాడకం తగ్గించేందుకు సిద్ధంగా ఉండాలంది. వోల్టేజి పడినప్పుడు పారిపోకుండా నిలబడాలన్న షరతు కూడా కనెక్షన్ ఇచ్చే రోజునే కాగితం మీదకు ఎక్కాలి. కట్టేశాక మార్పించడం కన్నా అది ఎంతో చవక.