అల్యూమినియానికి తుప్పు పట్టదా? పాత బాంబర్ల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం ఒడలు బాగుచేసే మెకానిక్‌గా, నేను ఎక్కువ కాలం పనిచేసింది కాన్‌బెరా బాంబర్ల మీద. 1957లో మన సేనలో చేరిన ఆ విమానాలు 2007 మేలో ఆగ్రాలో సెలవు తీసుకున్నాయి. రిటైరయ్యాక తిరుపతిలో స్థిరపడ్డాను. ఎక్కడైనా పాత యుద్ధ విమానాన్ని ప్రదర్శనకు నిలబెట్టారంటే ఎవరో ఒకరు నన్ను పిలుస్తారు. వెళ్లిన ప్రతిచోటా వినేది ఒకే మాట.

అపోహ: అల్యూమినియం కదా, తుప్పు పట్టదు. ఏటా రంగు వేస్తే చాలు.

వాస్తవం: పడుతుంది. ఎర్రగా కాదు, తెల్లగా పడుతుంది. అందుకే ఎవరి కంటా పడదు.

చింతపండు పులుసును అల్యూమినియం గిన్నెలో రాత్రంతా ఉంచకూడదని ప్రతి ఇల్లాలికీ తెలుసు. విమానానికి వాడేది ఆ గిన్నె లోహం కూడా కాదు. బలం కోసం సుమారు 4 శాతం రాగి కలిపిన డ్యూరాల్యుమిన్. ఆ రాగి వల్లే దానికి బలం, ఆ రాగి వల్లే తడికి త్వరగా లొంగిపోతుంది. అందుకని రేకుకు పైన పలుచగా శుద్ధ అల్యూమినియం పొర వేస్తారు. తళతళలాడాలని పాలిష్ పట్టించారంటే ముందు అరిగిపోయేది ఆ పొరే. ఇక ఉక్కు బోల్టు, అల్యూమినియం ఆనుకున్న చోట నీరు నిలిస్తే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది, అల్యూమినియం కరుగుతూ పోతుంది. రెక్కను నిలబెట్టే దూలం (స్పార్) వంటి దళసరి భాగాలు ఉల్లిపాయలా పొరలు పొరలుగా విచ్చుకుంటాయి. పైన రంగు మాత్రం కొత్తగానే ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం డిసెంబరులో, వానలు వెలిశాక, చిత్తూరు వైపు ఒక విద్యాసంస్థకు వెళ్లాను. ఆవరణలో కాన్‌బెరా. ప్రతి ఆగస్టు 15కు ముందు రంగు వేయిస్తున్నామని సంతోషంగా చెప్పారు. రెక్క కింద చూస్తే నీళ్లు బయటికి పోయే కన్నాలు (డ్రెయిన్ హోల్స్) ఒక్కటీ కనబడలేదు. కందిరీగలు గూళ్లు పెడుతున్నాయని పెయింటర్ అన్నిటికీ పుట్టీ పెట్టి మూసేశాడట. సైకిల్ చువ్వతో ఒకదాన్ని పొడిచాను. గోధుమ రంగు నీరు మోచేతిదాకా కారింది. బకెట్ పెట్టాం, నిండింది. రెండోది పెట్టాం. ప్యానెల్ విప్పితే లోపల గుప్పెళ్లకొద్దీ తెల్లటి పొడి. ‘సుద్ద అనుకుని ఊడ్చేసేవాళ్లం సార్’ అన్నారు. స్క్రూడ్రైవర్ మొన ఆనించి కొంచెం నొక్కాను. లోపలికి దిగిపోయింది.

కాన్‌బెరా నిలువు తోక ముందు భాగం చెక్కతో చేసిందని అక్కడ ఎవరికీ తెలియదు. వేలి కణుపుతో తట్టాను. గట్టిగా మోగాల్సింది, తడిసిన అట్టపెట్టెను తట్టినట్టు మెత్తగా పలికింది. అన్నేళ్లు రంగుకు పోసిన డబ్బు విమానాన్ని కాపాడకపోగా నీటిని లోపల బంధించింది. ఆ రెక్క కిందే పిల్లలు నిలబడి ఫొటోలు దిగేవారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

కాబట్టి వానాకాలానికి ముందే కన్నాలన్నీ తెరవండి. బోరు నీటితో కడగకండి, అందులోని ఉప్పు రేకుల అతుకుల్లో మిగిలిపోతుంది. పాత రంగు తీసి, తుప్పు తొలగించి, ప్రైమర్ వేసిన తర్వాతే కొత్త రంగు. బరువు టైర్ల మీద కాక స్టాండ్ల మీద ఉండాలి.

అపోహ: కాక్‌పిట్‌లో కూర్చున్న పిల్లలకు క్యాన్సర్ వస్తుంది.

ఈ పుకారు ఫోన్లలో తిరుగుతోంది. ఒక తల్లి తన కొడుకు కూర్చున్నాడని ఏడుస్తూ ఫోను చేసింది. అమ్మా, అద్దం పగలని డయల్ ముందు కాసేపు కూర్చుంటే భయపడాల్సింది లేదు. పాత మీటర్ల అంకెలు చీకట్లో వెలగడానికి రేడియోధార్మికత ఉన్న రేడియం రంగు పూసేవారన్నది మాత్రం నిజం. ఇప్పుడు చీకట్లో వెలగడం లేదు కనుక రేడియం పోయిందనుకోవడం ఇంకో పొరపాటు. వెలుగునిచ్చే పదార్థం చచ్చిపోతుంది, రేడియం సగానికి తగ్గడానికి దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. పగిలిన డయల్‌ను తాకవద్దు, గీకవద్దు, దాన్ని తీసే పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

అపోహ: ఎగిరితేనే విమానం బతికినట్టు.

2019 అక్టోబరులో అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ బీ-17 ఒకటి కూలి 7గురు, 2022 నవంబరులో మరో బీ-17 ప్రదర్శనలో ఇంకో విమానంతో ఢీకొని 6గురు పోయారు. ఎగిరేవాటిని నేనూ ప్రేమిస్తాను. నేల మీద నిలబడ్డదీ బతికున్నదే.

అపోహ: ఇవన్నీ తుక్కు, మనవాళ్లు బాగుచేయలేరు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్లు కాన్పూరులో మళ్లీ ఎగరకుండా పాడుచేసి వదిలిన లిబరేటర్ బాంబర్లను మన ప్రభుత్వ విమాన సంస్థ హెచ్‌ఏఎల్ బాగుచేసింది. 1968 దాకా మన వాయుసేన వాటిని ఎగరేసింది. 18 వేలకు పైగా తయారైన ఆ బాంబర్లలో నేడు మిగిలిన కొద్దింటిలో పలు విమానాలు మన వాయుసేన వాడినవే. ఒకటి ఢిల్లీ పాలంలో ఉంది. కెనడా, బ్రిటన్, అమెరికా మ్యూజియాల్లోనూ మన లిబరేటర్లు ఉన్నాయి. ఒకటి 1989లో అమెరికాలో మళ్లీ ఎగిరింది కూడా.

చిత్తూరు వైపు ఆ విమానానికి ఇప్పుడు కావలిమనిషే దిక్కు. సైకిల్ చువ్వ అతనికే ఇచ్చి వచ్చాను. మొన్న వాన వెలిసిన సాయంత్రం ఫోను చేశాడు. ‘సార్, ఎడమ రెక్క మూడో కన్నం నుంచి నీళ్లు రావడం లేదు.’ పొడిచి చూడమని, ఫోను పెట్టకుండా ఆగాను. కాసేపటికి నీళ్లు నేల మీద పడుతున్న చప్పుడు నాకూ వినిపించింది.